మనవాళ్ళకి వేసే పైపు

జూన్ 3, మంగళవారం

ఈ నోటుపుస్తకం కొన్నది మైలేజీ రాసుకోవడానికి. అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి పేజీలోనే రాసి పెట్టుకుంటున్నాను.

కారు నాదే, నాలుగేళ్ళది. దారి, ఊరి చుట్టూ ఉన్న బైపాస్ మీద రెండు చుట్లు, మొత్తం నూట ఇరవై కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి బయల్దేరాలి. వేగం అరవై దాటకూడదు. బంకులో గొట్టం దానంతట అది ఆగేదాకా ట్యాంకు నింపించి వెళ్ళడం, తిరిగొచ్చి అదే బంకులో అలాగే నింపించడం. రెండోసారి ఎన్ని లీటర్లు పడితే బండి అంత తాగినట్టు. ముందు ఇథనాల్ కలపని పెట్రోలుతో, తర్వాత ట్యాంకు ఖాళీ చేసి కలిపినదానితో. కలపనిది ఇప్పుడు హైవే మీద ఒక్క బంకులోనే దొరుకుతోంది. మిగతా అన్నిచోట్లా నూటికి ఇరవై పాళ్ళు కలిపిందే.

ఇదంతా బావ చెయ్యి గురించి.

మే పదహారున బావ కారులో ఒక్కడే వస్తుంటే పెట్రోలు వాసన గుప్పుమంది. రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తాడు. మంట లేచింది. కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది, కారు ముందుభాగం బొగ్గయింది. బావ పళ్ళసెట్లు చేస్తాడు. డెంటిస్టులు కొలతలు పంపిస్తే మైనంలో పళ్ళు పేర్చి, సెట్టు తయారుచేసి ఇస్తాడు. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళ నవ్వుల్లో సగం బావ చేతి పనే. ఆ చేతికి చూపుడువేలు, నడిమివేలు ఇప్పుడు వంగడం లేదు. వంగుతాయో లేదో ఆర్నెల్లు ఆగితే గాని చెప్పలేమంటున్నాడు డాక్టరు.

ఆస్పత్రి వరండాలోనే అక్కతో చెప్పేశాను, ఇది ఈ కొత్త పెట్రోలు పనే అని. ముప్ఫై ఏళ్ళుగా కార్లు బాగుచేస్తున్నవాణ్ణి. కార్ల విషయంలో నా మాటకి మా ఇంట్లో ఎదురు లేదు. అక్క వెంటనే కళ్ళు తుడుచుకుని, అయితే ఆ పెట్రోలు కంపెనీవాళ్ళని వదలకూడదు అంది. కేసు వేస్తుందట. దానికి రుజువులు కావాలి. అవి నేను తయారుచేస్తున్నాను.

జూన్ 5, గురువారం

కలపని పెట్రోలు. 120 కి.మీ. 6.94 లీటర్లు. లీటరుకి 17.3.

జూన్ 8, ఆదివారం

కలిపిన పెట్రోలు. 120 కి.మీ. 8.05 లీటర్లు. లీటరుకి 14.9.

నూటికి పద్నాలుగు తక్కువ. నేను అనుకున్నదానికంటే ఎక్కువే. అక్కకి ఫోన్ చేసి చెప్పాను, బావకి కూడా చెప్పమన్నాను. మైలేజీకీ మంటకీ సంబంధం ఏమిటని అడుగుతుందేమోననుకున్నాను. అడగలేదు.

జూన్ 9, సోమవారం

నిన్నటి అంకెలో ఒక చిన్న సంగతి ఉంది. మా ఆవిడ కూడా వస్తానంటే ఎక్కించుకున్నాను. ఆవిడ ఏసీ వేసింది. ఐదో తారీఖున ఏసీ వెయ్యలేదు, ఒక్కణ్ణే వెళ్ళాను. వెనక టైరులో గాలి కూడా తక్కువగా ఉంది. బయల్దేరేటప్పుడే చూశాను. షెడ్డులో కంప్రెసర్ పెట్టుకుని కూడా కొట్టలేదు.

వాటివల్ల పెద్ద తేడా రాదు.

జూన్ 10, మంగళవారం

వస్తుంది. ఇంకెవరైనా ఇలా కొలిచి తెచ్చి చూపిస్తే షెడ్డు బయటికి గెంటేవాణ్ణి.

జూన్ 12, గురువారం

కలిపిన పెట్రోలు, ఏసీ లేకుండా, మా ఆవిడ లేకుండా, టైర్లలో సరైన గాలితో. 7.41 లీటర్లు. లీటరుకి 16.2. నూటికి ఆరు, ఆ పైన కొంచెం.

అక్కకి ఫోన్ చెయ్యలేదు.

సాయంత్రం పక్క ఊరి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. అల్లుడు, పాప బాగున్నారు.

జూన్ 14, శనివారం

బావ కారు సంగతి ఊళ్ళో తెలిసిపోయింది. నేనే చెప్పానంటే సరిపోతుంది. ఇప్పుడు షెడ్డుకి వచ్చే ప్రతివాడూ తన బండికున్న రోగాలన్నీ ఆ పెట్రోలు నెత్తినే రుద్దుతున్నాడు. ఒకాయన హారన్ మోగకపోవడం కూడా దానివల్లే అన్నాడు. ఇంకొకాయన బండిలో ఎలుక తీగ కొరికింది. ఆ ఎలుకకి పెట్రోలు పడలేదేమోనండీ అన్నాను. నవ్వలేదు, నిజమే కాబోలు అన్నట్టు తలూపాడు. వీళ్ళందరూ నా మాట వింటుంటే హాయిగానే ఉంది, కాదనను.

మధ్యాహ్నం కెమిస్ట్రీ మాస్టారు వచ్చారు. కాలేజీలో పాఠం చెప్పి రిటైరయ్యారు. ఆయన కారు పదహారేళ్ళది. అది కూడా రిటైరవ్వాలి గానీ ఆయన ఒప్పుకోరు. నా అంకెలు చూపించాను. కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూసి, నా గాలి తీసేశారు.

ఇథనాల్‌లో పెట్రోలుకంటే మూడోవంతు శక్తి తక్కువట. ఇందులో ఇథనాల్ అయిదో వంతు. అయిదో వంతులో మూడోవంతు అంటే నూటికి ఆరున్నర దాకా తగ్గాలి. నీకు వచ్చిందీ అదే, పుస్తకంలో ఉన్నది చూడ్డానికి నువ్వు నూట ఇరవై కిలోమీటర్లు తిరిగావు అన్నారు. నేను మూడుసార్లు తిరిగానని చెప్పలేదు.

అయితే ఇది దండగే కదండీ అన్నాను. ఎవరికి దండగ అని ఆయన ప్రశ్న. బయటి నుంచి కొనే చమురు కొంత తగ్గుతుంది, పంట వేసేవాడికి ఒక కొనుగోలుదారు దొరుకుతాడు, ఇంజను టకటకా కొట్టుకోకుండా నడుస్తుంది. దేశానికి లాభమే అనుకో. ఆ పంటకి ఎన్ని నీళ్ళు పోశారన్నది వేరే లెక్క. కారున్నవాడికి మాత్రం నూటికి ఆరు తక్కువ నడుస్తుంది. ధర కూడా ఆరు తగ్గిస్తే సరికి సరి, తగ్గించకపోతే వాడి జేబుకి చిల్లు. ఇంతే అన్నారు. మరి పాత కార్ల మాటేమిటని పట్టుకున్నాను. పాత కారు అయితే ఇథనాల్ కొన్ని రకాల రబ్బరుని తినేస్తుంది, పైపులూ వాషర్లూ మార్చుకోవాలి, అది నీకు ఒక పూట పని కదా అన్నారు.

అని, టీ గ్లాసు కింద పెట్టి అడిగారు. "అవునయ్యా, మీ బావ కారుకి వేసిన పైపు ఏ రకం?"

మంచి పైపేనండీ అన్నాను.

జూన్ 15, ఆదివారం

మంచి పైపే. పాత సరుకు.

ఇరవై రెండేళ్ళ క్రితం పెద్ద వీధిలో విడిభాగాల హోల్‌సేల్ కొట్టు ఎత్తేస్తుంటే, చివరి రోజున పెట్రోలు పైపు ఒక చుట్ట కొన్నాను. గోడలు మందంగా, నల్లగా, మెలిపెడితే మాట వినని పైపు. ఇప్పుడొచ్చేవి సన్నగా ఉంటాయి, పైన తెల్ల అక్షరాలు తప్ప లోపల సరుకు కనబడదు. అందుకే ఆ చుట్టని గోనెపట్టాలో చుట్టి అటక మీద దాచాను. షెడ్డుకొచ్చే వాళ్ళకి బజారులో దొరికే కొత్త పైపు. మనవాళ్ళకి మాత్రం అటక మీది పైపు. కిందటి అక్టోబరులో బావ కారుకి అదే వేశాను. బావ అడగనైనా అడగలేదు, నేనే పిలిచి వేశాను.

మాస్టారు కూడా ఆ రోజు తన కారుతో ఉన్నారు. మీ బావకి లావుది, నాకు సన్నదీనా అని వేళాకోళం ఆడారు. చుట్టరికం కలుపుకోండి, మీకూ వేస్తాను అన్నాను.

అది జ్ఞాపకం పెట్టుకునే నిన్న అడిగారా, ఊరికే అడిగారా?

జూన్ 16, సోమవారం

అనుమానం ఉంచుకోవడం ఎందుకని మూడు గాజుసీసాలు తెచ్చాను. ఒకటో సీసా, కలపని పెట్రోలులో పాత పైపు ముక్క. రెండో సీసా, కలిపిన పెట్రోలులో పాత పైపు ముక్క. మూడో సీసా, కలిపిన పెట్రోలులో బజారు పైపు ముక్క. ముక్కలన్నీ బొటనవేలంత. మూతలు బిగించి, చీటీలు అంటించి, బ్రేక్ ఆయిల్ డబ్బాల వెనక పెట్టాను. మూడోది ముందు పాడవుతుంది. అది చూపించి మాస్టారి నోరు మూయించాలి.

జూన్ 19, గురువారం

అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ తన పనిగదిలో ఉన్నాడు. బల్ల మీద సగం పేర్చిన పళ్ళసెట్టు, మే నెలలో ఎలా వదిలేశాడో అలాగే ఉంది. ఎడమచేత్తో చిన్న చాకు పట్టుకుని మైనం గీకే ప్రయత్నం చేస్తున్నాడు. చాకు జారుతోంది. నన్ను చూసి బల్ల మీద గుడ్డ కప్పేశాడు.

అక్క నాకు టీ ఇస్తూ బావ వినేలాగే మొదలుపెట్టింది. ఎవరైనా పెట్రోలు వాసన వస్తుంటే బానెట్ ఎత్తుతారా, దిగి దూరంగా వెళ్ళి తమ్ముడికి ఫోన్ చెయ్యరా, ప్రతిదాంట్లో వేలు పెట్టడం ఈయనకి అలవాటే, ఇప్పుడు ఆ వేళ్ళే పోయాయి.  ఇదివరకు అక్క ఒకటంటే బావ రెండనేవాడు, ఆ ఇంట్లో అదే కాలక్షేపం. ఇప్పుడు తల వంచుకుని వింటున్నాడు. తప్పు తనదే అని ఒప్పేసుకున్నట్టున్నాడు.

ఊరుకో అక్కా, తప్పు పెట్రోలుది అన్నాను. పెట్రోలుది సరేరా, బానెట్ ఎత్తింది ఎవరు అంది.

చిన్నప్పుడు నా పుస్తకాలకి అట్టలు వేసి, జ్వరమొస్తే మంచం పక్కన కూర్చుని, చదువబ్బకపోతే మెకానిక్కు దగ్గర పనికి పెట్టి, రోజూ టిఫిన్ డబ్బా తెచ్చిచ్చింది అక్క. నేను తప్పు చేస్తానని ఆవిడకి తోచదు. అది తోచకపోవడమే నాకు ఇబ్బందిగా ఉంది.

జూన్ 20, శుక్రవారం

సీసాలు చూడలేదు. క్లచ్ ప్లేటు పని రెండు బండ్లకి.

జూన్ 21, శనివారం

సీసాలు చూడలేదు. ఐదు రోజులకే తేలేది కాదు.

జూన్ 22, ఆదివారం

షెడ్డు తియ్యలేదు. సీసాల కోసం ప్రత్యేకంగా వెళ్ళడం ఎందుకు?

జూన్ 24, మంగళవారం

బీమా కంపెనీ సర్వేయరు వచ్చాడు. షెడ్డు వెనక నిలబెట్టిన బావ కారుని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. చల్లటి మనిషి, ప్రతిదానికీ సరేనండి అంటాడు. పైపు పూర్తిగా కాలిపోయింది కాబట్టి దాని గురించి తను ఏమీ రాయలేడట. ఈ కారుని ఎప్పుడూ చూసే మెకానిక్కు కారణం ఏమిటో రాసి సంతకం పెడితే దాన్నే జతచేస్తాడు. ముప్ఫయ్యో తారీఖులోగా కావాలి. అక్క వెయ్యబోయే కేసుకి కూడా ఆ కాగితమే ఆధారం.

అతను వెళ్ళాక మళ్ళీ బానెట్ కిందకి వంగి చూశాను. ట్యాంకు వైపు చివర, క్లిప్పు కింద, ఒక అంగుళం ముక్క కాలకుండా మిగిలింది. సర్వేయరు అంత కిందకి వంగలేదు. ఊడదీశాను. సొరుగులో పెట్టాను.

జూన్ 25, బుధవారం

కాగితం రాశాను. "పెట్రోలులో కలిపిన ఇథనాల్ కారణంగా ఇంధనం వెళ్ళే రబ్బరు పైపు మెత్తబడి, పగిలి, పెట్రోలు వేడి ఇంజను మీద పడడం వల్ల మంట వచ్చి ఉండవచ్చు." నాలుగుసార్లు చదివాను. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

జూన్ 26, గురువారం

మాస్టారికి చూపించాను. భాష సరిచూడమన్నాను. భాషకేం, లక్షణంగా ఉంది అన్నారు. కాగితం మడిచి ఇస్తూ, పైపు ఎవరు వేశారో, ఏ రకమో రాయలేదేం అన్నారు. ఖాళీ సరిపోలేదండీ అన్నాను. కాగితంలో సగం ఖాళీగానే ఉంది. ఆయన ఆ ఖాళీవంక ఒకసారి చూశారు. వెళ్తూ వెళ్తూ తన కారు బానెట్ ఎత్తి పైపు చూసుకున్నారు. సన్నదే అయినా చుక్క కారడం లేదోయ్ అన్నారు.

జూన్ 27, శుక్రవారం

సీసాలు చూశాను.

మూడో సీసాలో బజారు పైపు పెట్టింది పెట్టినట్టే ఉంది. పెట్రోలు రంగు కూడా మారలేదు. ఒకటో సీసాలో పాత పైపు కొంచెం ఉబ్బింది, అంతే. రెండో సీసాలో పెట్రోలు టీ డికాషన్ రంగుకి వచ్చింది. ముక్కని పటకారుతో తీసి నొక్కితే గోరు లోపలికి దిగింది. వేలికి నల్లగా జిగురు అంటుకుంది. పదకొండు రోజులకే ఇలా అయితే బావ కారులో ఏడు నెలలుంది.

సొరుగులోని ముక్క తీసి పక్కన పెట్టాను. రెండూ ఒకే పైపు. చూడకముందే తెలుసు నాకు. జూన్ పదిహేనున ఈ పుస్తకంలో 'మంచి పైపే' అని రాస్తున్నప్పుడే తెలుసు. ఆస్పత్రి వరండాలో అక్క అడగకముందే పెట్రోలుని తిట్టడం మొదలుపెట్టాను చూడు, అప్పుడే తెలుసేమో.

బజారు పైపు మీద తెల్ల అక్షరాల్లో ఉన్నది ఇన్నేళ్ళలో మొదటిసారి చదివాను. ఇథనాల్‌కి పనికొస్తుందని రాసి ఉంది. దారిన పోయేవాళ్ళందరికీ అది వేశాను.

జూన్ 28, శనివారం

మైలేజీ పుస్తకం కాబట్టి తేలిందేమిటో రాసి ముగించాలి.

కొత్త కార్లు: లీటరుకి కిలోమీటరు చిల్లర తక్కువ వస్తుంది. అంతకుమించి భయపడాల్సింది లేదు. ధరలో ఆ మేరకి తగ్గిస్తే వాడుకోవచ్చు, తగ్గించకపోతే సణుగుతూ వాడుకోవచ్చు. నెలల తరబడి తీయకుండా నిలబెట్టే బండిలో మాత్రం ట్యాంకులో ఉంచకూడదు, అది తేమని పీల్చుకుంటుంది.

పాత కార్లు: తగిన పైపులు, వాషర్లు వేసుకున్నాక ఫరవాలేదు. మెకానిక్కు తెలిసినవాడైతే ఒక పూట పని.

ఇంతకంటే పెట్రోలుని అనడానికి నా దగ్గర ఏమీ లేదు.

జూన్ 29, ఆదివారం

చెప్పాలనే వెళ్ళాను. అక్క గుమ్మంలోనే ఎదురొచ్చి, కాగితం తెచ్చావా అంది. ఇంకా సంతకం పెట్టలేదని నీళ్ళు నమిలాను. బావ పడుకున్నాడు. పగలు పడుకోవడం కొత్తగా నేర్చుకున్నాడు అంది అక్క. అరగంట కూర్చుని, ఫ్యాను చప్పుడు చేస్తోందని దానికి నూనె వేసి వచ్చేశాను.

జూన్ 30, సోమవారం

పొద్దున ఎనిమిదింటికి వెళ్ళాను. షెడ్డు తెరిస్తే పనిలో పడి మళ్ళీ దాటేస్తానని తాళం కూడా తియ్యలేదు. రెండో సీసా, సొరుగులోని ముక్క ఒక సంచిలో పెట్టుకున్నాను.

బావ పనిగదిలో ఉన్నాడు. అక్కని కూడా పిలిచి కూర్చోమన్నాను. సీసా బల్ల మీద పెట్టి, మొదటి నుంచి చెప్పాను. అటక, చుట్ట, అక్టోబరు, సన్న పైపు, లావు పైపు, సర్వేయరు చూడని ముక్క, పదకొండు రోజులు నేను చూడని సీసాలు. ఆ పైపు నేనే వేశాను బావా, నువ్వు బానెట్ ఎత్తకపోయినా అది ఇవాళో రేపో అంటుకునేదే అన్నాను.  బండికి ఏమైందో పరాయివాడికి చెప్పినట్టే చెప్పాను. దానికి కూడా సిగ్గేసింది.

అక్క వంగి సీసావంక చూసింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"నెలన్నర నుంచి ఈయన్ని ఆడిపోసుకుంటున్నానురా," అంది. నాతో అన్నా, చూసింది బావవైపు.

బావ ఎడమచేత్తో సీసా ఎత్తి వెలుగులో పెట్టి చూశాడు. పళ్ళసెట్టు పూర్తయ్యాక లోపాలు వెతికేటప్పుడు అలాగే చూస్తాడు. నన్ను ఏమంటాడో, క్షమిస్తాడో లేదో, అక్క కేసు ఏమవుతుందో, సర్వేయరుకి ఏం రాసివ్వాలో, అన్నీ ఒకేసారి నా బుర్రలో తిరుగుతున్నాయి. అన్నీ నా గురించే.

బావ సీసా కింద పెట్టాడు.

"ఆ పైపు ఇంకా ఎవరెవరి బండ్లకి వేశావు?"

మనవాళ్ళకే బావా అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక అర్థమైంది.

అమ్మాయి కారుకి వేశాను. అది నా పాత కారే, పదకొండేళ్ళది. ఫిబ్రవరిలో తను వచ్చినప్పుడు, పాపని ఎక్కించుకుని తిరిగే బండి కదా అని, దగ్గరుండి చుట్టలోంచి కొత్త ముక్క కోసి వేశాను. పన్నెండో తారీఖున ఫోన్ చేసినప్పుడు అందరూ బాగున్నారని మాత్రమే చెప్పలేదు. కారులో ఎక్కితే పెట్రోలు వాసన వస్తోంది నాన్నా అని కూడా చెప్పింది. ఈ కొత్త పెట్రోలు వాసనే అంత, అద్దాలు దించుకో అన్నాను. ఆ రోజు ఈ పుస్తకంలో అది రాయలేదు. మర్చిపోయి కాదు.

గడియారంలో ఎనిమిదీ ముప్పావు. పాపని ప్లేస్కూలుకి తీసుకెళ్ళే వేళ.

ఫోన్ తీశాను. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. అక్క లేచి నిలబడింది. రెండోసారి కూడా ఎత్తలేదు. బావ తన స్టూలు నావైపు జరిపాడు. మూడోసారి ఎత్తింది. ఏంటి నాన్నా ఇన్నిసార్లు చేశావు, పాప చెప్పులు వేసుకోనని పేచీ అంది.

ఎక్కడున్నావన్నాను. కారులో కూర్చున్నాను, బయల్దేరుతున్నాను అంది. తాళం తిప్పొద్దన్నాను. ఎందుకంది. మూడు రోజులుగా ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కున్న విషయం అమ్మాయికి రెండు ముక్కల్లో చెప్పాను. నేను వేసిన పైపు మంచిది కాదు, మీ మేనత్త వాళ్ళ కారు కాలింది దానివల్లే, నీ కారులో వాసన కూడా దానిదే.

 పాప వెనక ఏదో రాగం తీస్తోంది.

"సరే నాన్నా," అంది అమ్మాయి. "ఉండు, ముందు పాపని కిందకి దింపుతాను."

ఫోన్ పెట్టెయ్యలేదు. చెవికి అలాగే ఆనించుకుని, ముందు తలుపు తెరిచిన చప్పుడు, వెనక తలుపు తెరిచిన చప్పుడు, పాప సీటుబెల్టు ఊడదీసిన చప్పుడు విన్నాను.